కాలు ఆగినప్పుడు

ఒక మాట చాలా ఏళ్ళుగా నా లోపల ఉండిపోయింది. చిన్న మాట. చెప్పి ఉంటే అరనిమిషం కూడా పట్టేది కాదు. నేను చెప్పకపోవడం వల్ల ఒక మనిషి తన గురించి తాను తప్పుగా అనుకుంటూ బతుకుతున్నాడు. ఆ మనిషి రోజూ నా పక్కనే కూర్చుని అన్నం తింటాడు. ఆ మనిషి మా ఆయన.

నా పేరు చెప్పను. మీరు కూడా అడగొద్దు. కాలిఫోర్నియాలో డబ్లిన్‌లో ఉంటాం. ఇంతకంటే ఎక్కువ చెప్తే ఇక్కడి తెలుగువాళ్ళు ఇట్టే పట్టేస్తారు, ఎందుకంటే ఈ చుట్టుపక్కల టోర్నమెంట్లలో పేకాడే తెలుగావిడని నాకు తెలిసి నేనొక్కదాన్నే. పార్టీల్లో పోకర్ అంటాం, కాస్త గౌరవంగా వినిపిస్తుందని. మా అమ్మకి మాత్రం అది పేకాటే. మగవాణ్ణయితే పేకాటరాయుడు అనేది. ఆడదాన్ని ఏమనాలో తెలియక ఊరుకుంది.

నేను డబ్బు కాజేయలేదు. ముక్కలు మార్చలేదు. ఎవర్నీ మోసం చేసి గెలవలేదు. మీరేమీ అనకముందే ఇదంతా చెప్పుకుంటున్నానంటే గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది, నాకు తెలుస్తూనే ఉంది. మొదటినుంచి చెప్తాను. మధ్యలో ఆగితే ఓపిక పట్టండి. ఇది ఎవరికైనా చెప్పడం ఇదే మొదటిసారి.

పెళ్ళయి వచ్చినప్పుడు ఆయన వీసా మీద నేను డిపెండెంట్‌ని. ఉద్యోగం చేయకూడదు. డ్రైవింగ్ రాదు. పగలంతా అపార్ట్‌మెంట్‌లో నేను, టీవీ. ఆ రోజుల్లో ఏ ఛానెల్ తిప్పినా పోకర్ టోర్నమెంట్లే. నల్ల కళ్ళద్దాల కుర్రాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని చిప్స్ ముందుకి తోస్తూ ఉండేవాళ్ళు. నాకు వింతగా అనిపించలేదు. మా వైపు పెళ్ళిళ్ళలో మగవాళ్ళు విడిదింట్లో జంపఖానా పరుచుకుని రమ్మీ ఆడుతుంటే, మా మేనమామ వెనక నిలబడి చూసిన పిల్లని నేను. నన్ను కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. అందుకని ముక్కలకన్నా మొహాలే ఎక్కువ చూశాను. ఎవరికి జోకర్ పడిందో, ఎవరు ఊరికే బింకంగా ఉన్నారో గభాలున చెప్పేసేదాన్ని. "దీన్ని ముందు ఇక్కణ్ణుంచి పంపించండర్రా" అని నవ్వేవాడు మామయ్య.

ఆట తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. టోర్నమెంట్‌లో మొదట అందరికీ సమానంగా చిప్స్ ఇస్తారు. అవన్నీ పోగొట్టుకున్నవాళ్ళు లేచి ఇంటికి పోవాలి. చివరిదాకా మిగిలినవాళ్ళు గెలిచినట్టు. చేతిలో మంచి ముక్కలు లేకపోయినా ఉన్నట్టు గట్టిగా పందెం కాసి, ఎదుటివాళ్ళని భయపెట్టి పారేయించడాన్ని బ్లఫ్ అంటారు. అది చేయలేనివాళ్ళు ఈ ఆటలో ఎంతో కాలం నిలవరు.

ఆన్‌లైన్‌లో మొదలుపెట్టాను. నాకు సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదు కాబట్టి అకౌంట్ ఆయన పేరు మీదే తెరిచాం. ముందు ఉత్తుత్తి చిప్స్‌తో, తర్వాత చిన్న చిన్న టోర్నమెంట్లు. ఏడాది తిరిగేసరికి అది నాకు కాలక్షేపం కాదు, పని. పొద్దున్నే ఆయనకి బాక్స్ కట్టిచ్చి, కాఫీ పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. ఆడిన ఆటలు మళ్ళీ చూసుకునేదాన్ని, ఎక్కడ తప్పు చేశానో. ఈ దేశంలో నాదంటూ ఏముంది అప్పటికి? వీసా ఆయన వెనకాల. బ్యాంకు అకౌంట్‌లో ఆయన పేరు ముందు. పరిచయం చేసేటప్పుడు ఫలానా ఆయన వైఫ్. ఈ ఒక్క ఆట మాత్రం నేను వెతుక్కున్నది, నేను నేర్చుకున్నది.

అప్పుడు ఆయన వచ్చి నా వెనక నిలబడ్డారు.

ఆయనకి ఉద్యోగమంటే ఇష్టం లేదని నాకు చాలా తొందరగానే అర్థమైంది. ఆదివారం మధ్యాహ్నం దాటేసరికి మొహం వాడిపోయేది. సోమవారం గురించి ఆలోచిస్తున్నారని తెలిసేది. ఒక ఆదివారం నా టోర్నమెంట్ చూస్తూ నిలబడిన మనిషి, సాయంత్రానికి నన్ను లేపి కూర్చున్నారు. ఆ తర్వాత పగలు నేను, సాయంత్రం ఆయన, ఒకే అకౌంట్. ఎదుటివాళ్ళకి ఒక్క మనిషే. అది సైట్ రూల్స్‌కి విరుద్ధమే. దానికి నాకు పెద్దగా సిగ్గు లేదు. నాకు సిగ్గుగా ఉన్నది వేరే.

ఆయన లెక్కల మనిషి. ఆరు నెలల్లో నా ఆటని దాటిపోయారు. ఇది నేను ఇప్పటిదాకా ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఎక్సెల్ షీట్ తెరిచి "ఇక్కడ నువ్వు ముక్కలు పారేసి ఫోల్డ్ చేసుండాలి కదా, చూడు" అని ఓపిగ్గా చెప్పేవారు. చెప్పింది కరెక్టే. ఆ ఓపికే నాకు మండేది. ఆట ముందు కూర్చున్నప్పుడు ఆయన వేరే మనిషి. నవ్వేవారు. చిన్నప్పటి కబుర్లు చెప్పేవారు. గ్రీన్ కార్డ్ వస్తే ఒక్క ఏడాది ఉద్యోగం మానేసి దీన్నే చేస్తానని అనేవారు. "ఒక్క ఏడాది. తర్వాత నువ్వేం చెప్తే అది." నేను తలూపేదాన్ని. ఆయన్ని అంత సంతోషంగా చూడటం నాకు ఇష్టమే. ఆ సంతోషం నా కుర్చీలో కూర్చుని ఉండటం ఇష్టం లేదు. రెండూ నిజమే.

ఇప్పుడు ఆయన కాలు గురించి చెప్పాలి.

ఆయనకి కూర్చుంటే కుడికాలు ఊపే అలవాటుంది. తింటున్నా, ల్యాప్‌టాప్ చూస్తున్నా, టీవీ చూస్తున్నా ఊగుతూనే ఉంటుంది. మా మొదటి అపార్ట్‌మెంట్‌లో అద్దం బల్ల ఉండేది. ఆయన మోకాలు తగిలి దాని మీద గ్లాసులు గలగలలాడేవి. కొత్త కాపురం. చూడటానికి ఆ ఇంట్లో ఆయన తప్ప ఇంకేముంది? అలా చూస్తూ చూస్తూ ఒక సంగతి కనిపెట్టాను. ఆయన్ని ప్రాజెక్ట్ లేక బెంచ్ మీద కూర్చోబెట్టిన రోజుల్లో వాళ్ళమ్మ ఫోన్ చేసేది. "తిన్నానమ్మా... ఆఁ, పని బాగానే ఉంది, ఏం ప్రాబ్లం లేదు" అనేవారు. అన్నంతసేపూ గ్లాసుల చప్పుడు ఉండేది కాదు. ఫోన్ పెట్టేశాక మళ్ళీ గలగల.

అబద్ధం చెప్తున్నప్పుడు మా ఆయన కాలు ఆగిపోతుంది. ఆయనకి ఆ సంగతి తెలియదు. నాకు మాత్రమే తెలుసు. అప్పట్లో అది ముద్దుగా అనిపించింది. భర్త గురించి భార్యకి మాత్రమే తెలిసిన సంగతి ఒకటి ఉండటం బాగుంటుంది కదా.

ఆన్‌లైన్ ఆటలో కాలుతో పనిలేదు. అవతలివాళ్ళకి కనపడేది పేరు, చిప్స్, అంతే. ఆయన అక్కడ అందరినీ బ్లఫ్ చేసేవారు, అదీ ఎంతో అందంగా. ఆ తర్వాత ఒక ఏప్రిల్‌లో గవర్నమెంట్ పెద్ద సైట్లన్నిటినీ మూయించింది. అమెరికాలో సీరియస్‌గా ఆడేవాళ్ళకి ఇక లైవ్, అంటే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని ఆడటం ఒక్కటే దిక్కు. మేమూ వారాంతాల్లో ఆల్టమాంట్ కొండలు దాటి, గాలిమరల పక్కనుంచి, సెంట్రల్ వ్యాలీలో ఒక కార్డ్ రూమ్‌కి వెళ్ళడం మొదలుపెట్టాం. లోపల పాత కార్పెట్, వేయించిన ఉల్లిపాయల వాసన, రోజూ వచ్చే ముసలివాళ్ళు. నాకు ఒక్క పూటలో అలవాటైపోయింది. మామయ్య వెనక నిలబడిన పిల్లకి ఎట్టకేలకు కూర్చోవడానికి చోటు దొరికింది.

ఆయనకి అక్కడ అచ్చిరాలేదు. మంచి ముక్కలు పడ్డప్పుడు గెలిచేవారు. బ్లఫ్ చేసినప్పుడల్లా ఎవరో ఒకరు పట్టుకునేవారు. ఎందుకో నాకు మూడో వారానికల్లా తెలిసిపోయింది. బల్ల కింద కాలు ఎవరికి కనబడుతుంది అనుకుంటాం. కాలు ఊగుతుంటే భుజం ఊగుతుంది. చొక్కా కాలర్ సన్నగా వణుకుతుంది. బ్లఫ్ చేసిన క్షణంలో మొత్తం మనిషి ఫొటోలో మనిషిలా అయిపోతారు. ఎదురుగా బేస్‌బాల్ టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకాయన కూర్చునేవాడు. ఆ పెద్దాయన మా ఆయన కళ్ళలోకి చూడటం మానేసి భుజం వైపు చూడటం నేను గమనించాను. ముక్కలు చూపించకుండానే మనిషిని బయటపెట్టే ఇలాంటి అలవాటుని ఈ ఆటలో టెల్ అంటారు. అది ఎవరికైనా ఉంటుంది. తెలిస్తే మానుకోవచ్చు.

కాళ్ళు మెలివేసుకుని కూర్చోండి. నేను చెప్పాల్సింది ఇంతే.

చెప్పలేదు. ఆ రోజు కారులో చెబుదామనుకున్నాను, ఆయన మూడ్ బాగోలేదని ఊరుకున్నాను. తర్వాతి వారం నాకు మంచి స్థానం వచ్చింది, ఆయన తొందరగా ఓడిపోయి, లేచి వచ్చి నా వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను ఆడుతుంటే ఆయన వెనక ఉండి చూడటం. అది నాకు నచ్చింది. ఇంకో వారం చూద్దాం అనుకున్నాను. అలా ఎన్ని వారాలు అనుకున్నానో గుర్తులేదు.

ఇంతవరకూ నాది నోరు మూసుకున్న తప్పు మాత్రమే. తర్వాతది చేసిన తప్పు.

మా అత్తగారు ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. వచ్చిన రోజే ఆవిడ కన్ను ఆ కాలు మీద పడింది.

"ఒరేయ్, ఆ కాలు ఊపుడు ఆపరా. ఇంట్లో లక్ష్మి నిలవదు."

"అలవాటమ్మా. వదిలెయ్."

ఆవిడ వదల్లేదు. పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా మోకాలి మీద చిన్న దెబ్బ. అన్నం దగ్గర ఒకటి, టీవీ దగ్గర ఒకటి. చిన్నపిల్లాణ్ణి చేసినట్టు చేసేది. ఆయన నవ్వుతూనే సోఫాలో బాసింపట్టు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. నెల గడిచేసరికి ఆ కాలు నిజంగానే తగ్గింది. మా పేకాట సంగతి ఆవిడకి తెలియదు. శనివారం పొద్దున ఆవిణ్ణి గుడిలో దింపేవాళ్ళం. అక్కడ పిల్లల్ని చూడటానికి వచ్చిన ఆవిడ ఈడువాళ్ళు బోలెడుమంది, భజన, ప్రసాదం, కబుర్లు. మాకు ఆఫీసు ఫ్రెండ్స్‌తో పని ఉందని చెప్పి మేము కొండలు దాటి వెళ్ళిపోయేవాళ్ళం.

అలాంటి ఒక శనివారం ఆయన బల్ల దగ్గర కూడా కాళ్ళు మడతపెట్టుకుని కూర్చున్నారు. తెలిసి కాదు, ఇంట్లో పడ్డ అలవాటు. బ్లఫ్ చేశారు. టోపీ పెద్దాయన భుజం వైపు చూశాడు. అక్కడ ఏమీ దొరకలేదు. ముక్కలు పారేశాడు. ఆ రోజు మా ఆయన నాకన్నా పైన ముగించారు. తిరుగు దారిలో గుడి దగ్గర అమ్మని ఎక్కించుకుని, దారంతా ఏదో పాత పాట కూనిరాగం తీస్తూనే ఉన్నారు. అత్తగారు మురిసిపోయారు. నేను వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తున్నాను. నాకు భయం వేసింది. ఏమని భయమో అప్పుడు నాకు నేనే చెప్పుకోలేదు.

మర్నాడు వంటింట్లో ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చున్నాను. "అత్తయ్యా, ఆయన్ని కాలు ఊపుకోనివ్వండి. ఆఫీసులో టెన్షన్ ఎక్కువగా ఉంది. అలా ఊపితే కాస్త రిలీఫట. బలవంతంగా ఆపించొద్దని డాక్టర్ కూడా చెప్పాడు" అన్నాను.

ఏ డాక్టరూ చెప్పలేదు. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో, ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ అలాగే పట్టుకుని నా వైపు చూసింది. "అలాగా తల్లీ. నాకేం తెలుసు. వాడి మంచీచెడ్డా నీకు తెలిసినట్టు నాకు తెలుస్తుందా" అంది. ఆ తర్వాత ఒక్కసారి కూడా మోకాలి మీద కొట్టలేదు. కొన్ని వారాలకి కాలు మళ్ళీ మొదలైంది. ఆవిడ తిరిగి వెళ్ళాక చుట్టాలందరికీ చెప్పిందట, కోడలు తన కొడుకుని కంటికి రెప్పలా చూసుకుంటోందని. మా ఆడపడుచు ఫోన్లో ఈ మాట చెప్పినప్పుడు తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను.

ఆ మరుసటి ఏడాది మా గ్రీన్ కార్డులు వచ్చాయి. ఆయన కంపెనీలో కూడా అప్పుడే ఒక ఆఫర్ పెట్టారు. ఇష్టపడి వెళ్ళిపోయేవాళ్ళకి కొన్ని నెలల జీతం ఇచ్చి పంపిస్తారు. ఆయన ఎదురుచూసిన ఏడాది కాళ్ళ దగ్గరికి వచ్చి నిలబడింది. శుక్రవారం లోపు చెప్పాలి. ఆ శుక్రవారానికి ముందు ఆదివారం అదే కార్డ్ రూమ్‌లో పెద్ద టోర్నమెంట్. "ఇది ఆడి డిసైడ్ చేస్తా" అన్నారు.

ఇద్దరం చివరి బల్లకి వచ్చాం. మొగుడూ పెళ్ళాలు ఒకే బల్ల మీద ఉంటే అందరి కళ్ళూ వాళ్ళ మీదే ఉంటాయి, ఒకరినొకరు వదిలేస్తున్నారేమోనని. వదిలేస్తే అది మోసం. అది మా ఇద్దరికీ తెలుసు. నలుగురు మిగిలారు. నా చేతిలో ఆరుల జత. బల్ల మీద పరిచిన ముక్కల్లో ఆసు, రాజు ఉన్నాయి. నా ఆరులు అక్కడ ఎందుకూ కొరగావు. ఆయన కాసేపు ఆలోచించి, ఉన్న చిప్స్ అన్నీ ముందుకి తోశారు.

నేను ముక్కలు మళ్ళీ చూడలేదు. లెక్క వెయ్యలేదు. ఆయన చొక్కా కాలర్ చూశాను. కదలడం లేదు.

కాల్ అన్నాను, అంటే ఆయన పందేనికి సమానంగా నేనూ కాసి, ముక్కలు చూపించమన్నట్టు.

ఆయన దగ్గర జాకీ, పది. వరస కోసం ఆశపడితే కావలసిన ముక్క పడలేదు. ఏమీ లేదు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు గెలిచిన నా ఆరులు చూసి ఈలలు వేశారు. టోపీ పెద్దాయన నా వైపు చూసి టోపీ అంచు ముట్టుకున్నాడు. ఆ పెద్దాయనకి తెలుసు, నేను దేన్ని చూసి కాల్ చేశానో. మా ఆయన లేచి నా భుజం తట్టి, గోడ దగ్గర కుర్చీలో కూర్చున్నారు. నేను ఆ టోర్నమెంట్ గెలిచాను. ఆ కాల్ తప్పని నేననను. ముక్కలు పారేసి ఆయన్ని వదిలేసి ఉంటేనే మోసం అయ్యేది. ఎన్నోసార్లు ఆ కాల్ దగ్గరే ఆగి నన్ను నేను క్షమించుకోవాలని చూశాను. కుదరదు. తప్పు బల్ల దగ్గర కాదు, కారులో జరిగింది.

ఇంకా ఎండ ఉంది. నేను డ్రైవ్ చేస్తున్నాను. కొండలన్నీ ఎండిన గడ్డితో పసుపుగా ఉన్నాయి. ఆయన పక్క సీట్లో కూర్చున్నారు. కుడికాలు ఊగుతూనే ఉంది.

"ఎలా కాల్ చేశావు?" అన్నారు.

"మీ బెట్టింగ్‌కి పొంతన కుదరలేదు. లెక్క వేశాను."

"సిక్సెస్‌తోనా? బోర్డ్ మీద ఏస్, కింగ్ పెట్టుకుని?"

నేను రోడ్డు చూస్తున్నాను.

"ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. నాలో ఏదైనా టెల్ ఉందా? ఆన్‌లైన్‌లో బాగానే ఆడాను కదా. ఇక్కడికొచ్చి బ్లఫ్ చేసినప్పుడల్లా ఎవడో ఒకడు పట్టేస్తున్నాడు. ఏదో కనిపిస్తోంది వాళ్ళకి. నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

కాలు ఊగుతూనే ఉంది. ఆయన నిజంగా అడుగుతున్నారు. అందులో కోపం లేదు, అనుమానం లేదు. నన్ను నమ్మి అడుగుతున్నారు.

"ఏమీ లేదండీ. ఉంటే చెప్పనా?" అన్నాను.

"మరి?"

అక్కడ ఆగినా సరిపోయేది. ఆగలేదు. "ఈ ఆట మీకు పడదేమో. కంప్యూటర్ ముందు బాగానే ఉంటారు. మనుషులు ఎదురుగా ఉంటే మీకు కొంచెం భయం. అది వాళ్ళకి తెలిసిపోతుందేమో."

ఆయన బయటికి చూశారు. గాలిమరలు కొన్ని తిరుగుతున్నాయి, కొన్ని ఆగి ఉన్నాయి.

"అంతే అంటావా?"

"నాకలా అనిపిస్తోంది. ఆపైన మీ ఇష్టం."

నా కాలు గ్యాస్ పెడల్ మీద కొంచెం కూడా కదల్లేదు. నాకు టెల్ లేదు. అందుకే ఈ ఆట నాకు అచ్చొచ్చింది.

శుక్రవారం నాడు ఆయన ఆ ఆఫర్ వద్దని చెప్పొచ్చారు. వచ్చి షూ విప్పుకుంటూ, "నువ్వు ఆడు. నీకు టాలెంట్ ఉంది. ఇన్సూరెన్స్, మార్ట్‌గేజ్ నా జాబ్ చూసుకుంటుంది" అన్నారు. ఆయన ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చిన ఏడాదిని తీసి నాకిచ్చేశారు. నేను తీసుకున్నాను. వద్దనలేదు. కొంచెమైనా బెట్టు చెయ్యలేదు.

ఆ ఏడాది ఇంకో ఏడాదైంది. నేను లాస్ వేగస్ వెళ్ళాను, లాస్ ఏంజెలిస్ వెళ్ళాను. ఓక్లండ్ ఎయిర్‌పోర్ట్‌లో ఆయనే దింపేవారు. కారప్పూస పొట్లం కట్టి సూట్‌కేస్‌లో పెట్టేవారు, హోటల్ తిండి నాకు పడదని. బ్రేక్‌లో ఫోన్ చూసుకుంటే మెసేజ్ ఉండేది: నువ్వు నాకన్నా ధైర్యవంతురాలివి, భయపడకు. ఆ మెసేజ్ చదివి, ఫోన్ బోర్లా పెట్టి, మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళేదాన్ని. కొన్నిసార్లు గెలిచేదాన్ని. ఓడిపోయిన రోజులే కాస్త తేలిగ్గా ఉండేవి.

ఆఫీసులో ఆయన్ని టీమ్‌కి మేనేజర్‌గా ఉండమన్నారట. వద్దన్నారు. ఎందుకని అడిగితే, "మనుషులు ఎదురుగా ఉంటే నాకు కొంచెం భయం" అన్నారు. అవి నా మాటలు. కారులో నేనన్న మాటలు, ఒక్కటి కూడా మారకుండా. నేను స్టవ్ దగ్గర నిలబడి ఉన్నాను. పోపు మాడిపోయింది.

నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఎందుకు చేశావు? ఇల్లు పోతుందని భయమా? ఉద్యోగం మానేసిన మొగుణ్ణి చూసి అందరూ నవ్వుతారనా? అలా అయితే నా సంగతి వేరు, నేనొక జాగ్రత్తపరురాలైన ఇల్లాలిని అవుతాను. కొన్నాళ్ళు అదే నమ్మాను. కానీ ఇంటి గురించి అంత భయమున్న మనిషి ఆ ఏడాదిని తను ఎలా తీసుకుంటుంది? లేదు. అసూయ. ఆయన ఎప్పటికైనా నాకన్నా బాగా ఆడతారని నాకు తెలుసు. ఆయనకి అన్నీ ఉన్నాయి, ఇదొక్కటి నాకు ఉండనీ అనుకున్నాను. ఆయనకి ఉన్నవాటిలో ఒక్కటి కూడా ఆయనకి ఇష్టం లేదన్న సంగతి నాకు తెలిసి కూడా అలా అనుకున్నాను.

తర్వాతైనా చెప్పొచ్చు కదా అని మీరు అడగొచ్చు. మొదటి నెలలో అయితే మర్చిపోయానని చెప్పొచ్చు. ఏళ్ళు గడిచాక కాలు సంగతి చెప్తే కాలుతో ఆగదు. ఎప్పట్నుంచి తెలుసు అంటారు. మరి కారులో అడిగాను కదా అంటారు. అత్తగారితో ఆడిన డాక్టర్ అబద్ధం కూడా బయటికొస్తుంది. ఒక్కో దారం లాగితే మొత్తం ఊడివస్తుంది. రోజూ రాత్రి అన్నం దగ్గర ఆ మోకాలు బల్లకి తగులుతుంటే, నీళ్ళ గ్లాసు కదులుతుంటే, ఇప్పుడు చెప్పెయ్ అనుకుంటాను. పెరుగు వడ్డిస్తాను.

మొన్నీమధ్య ఫ్రెండ్స్ ఇంట్లో పాట్‌లక్, తలా ఒక వంటకం పట్టుకెళ్ళాం. ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊరి నుంచి కొత్తగా ఇటు మారిన కుర్రాడొకడు వచ్చాడు, ఆటంటే పిచ్చి. అందరూ సోఫాల్లో పేపర్ ప్లేట్లు ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు. ఆయన ఎప్పటిలాగే నన్ను చూపించి, "ఇంట్లో ప్లేయర్ ఆవిడే. నేను డ్రైవర్‌ని" అని నవ్వించారు. ఒళ్ళో ప్లేటు ఊగుతోంది, పక్కన పెట్టుకున్న వడ ప్లేటులో అటూఇటూ జరుగుతోంది.

"మీరు కూడా బాగా ఆడేవారటగా అన్నా. ఎందుకు మానేశారు?" అన్నాడు ఆ కుర్రాడు.

"బోర్ కొట్టింది బాబూ. ఇంట్రెస్ట్ పోయింది. నిజం చెప్పాలంటే మానేశాకే నాకు హాయిగా ఉంది" అన్నారు మా ఆయన.

వడ కదలడం ఆగిపోయింది.

ఆ గదిలో పాతికమంది ఉన్నారు. అది చూసింది నేనొక్కదాన్నే. ఆయన నవ్వుతూనే ఉన్నారు. నేను లేచి వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను. ఏం చెప్పాలనుకుని వెళ్ళానో తెలియదు. "ఇంకొంచెం పులిహోర పెట్టనా?" అని అడిగాను.

"వద్దు, కడుపు నిండిపోయింది" అన్నారు. అది నిజమే. కాలు మళ్ళీ మొదలైంది.

ఇంతే. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. ఆయనకి చెప్తానని మాట కూడా ఇవ్వను. నా మాట మీద నాకే నమ్మకం లేదు. ఇన్నాళ్ళూ ఈ ప్రపంచంలో నాకొక్కదానికే తెలిసిన ఈ తప్పు ఇప్పుడు మీకు కూడా తెలుసు. ఇది రాస్తుంటే ఆయన పక్క గదిలో టీవీ చూస్తున్నారు. బల్ల మీద గ్లాసు చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది.